ఆఖరి చెంబు

విడపనకల్లు పోవాలి అన్నాను. అంతే, మా ఇంట్లో అందరికీ నా ఆరోగ్యం గుర్తొచ్చింది. అంతవరకు నాకు ఆరోగ్యం అనేది ఒకటుందని ఎవరికీ పట్టలేదు. కొడుకు ఉదయ్ కుమార్ ఎండలు అన్నాడు. కోడలు నా మోకాళ్ళు అంది. పక్కింటి తిప్పేస్వామి, ఆయన్ను ఎవరూ అడగకపోయినా గోడ మీదుగా తలపెట్టి, ఆ దారిలో మంచి టిఫిన్ దొరకదన్నాడు.

"ఎనభై దాటినాయమ్మా నీకు. ఇంత ఎండలో పోయేదానికి ఆడ ఎవరుండారు?" అన్నాడు ఉదయ్.

"నా నీళ్ళ జత ఉండాది."

వాడు పెళ్ళాం ముఖం చూశాడు. ముసలిదానికి మతి తప్పుతోందని ఇద్దరూ కళ్ళతోనే అనుకున్నారు. నేను చూడలేదనుకున్నారు. నాకు చూపు తగ్గిన మాట నిజమే గానీ మరీ అంత తగ్గలేదు.

నిజానికి నేను కోరింది పెద్ద కోరికేం కాదు. ఇప్పుడు నన్ను అందరూ అవ్వా అంటారు, అమ్మా అంటారు, మా పట్టుచీరల అంగడిలో పనిచేసే పిల్లలు పెద్దమ్మగారూ అంటారు. "ఏమే" అని పిలిచే మనిషి మాత్రం భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు. కన్నవాళ్ళు పోయారు, తోడబుట్టినవాళ్ళు పోయారు, కట్టుకున్నాయన కూడా పోయాడు. గౌరవం ఎక్కువై నాకు ఊపిరాడడం లేదు. చచ్చేలోపల ఒక్కసారి కృపాకుమారి నోటితో "ఏమే పట్టూ" అనిపించుకోవాలి. దానికోసం విడపనకల్లేమిటి, కాశీకైనా పోతాను.

కృప నాకు బడిలో నీళ్ళ జత. అదేమిటో చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన శ్రీరంగప్పది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి సేట్లు టెలిగ్రాంలు కొట్టేవాళ్ళు. అవి ఇంగ్లీషులో ఉండేవి. నాయనకు ఇంగ్లీషు రాదు. పోస్టుమాస్టరు చదివి చెప్పేవాడు. మా నాయనకు చెప్పేలోపల బజారులో పదిమందికి చెప్పేవాడు. ఏ సేటు ఏ రంగు అడిగాడో, ఎవరు సరుకు వద్దన్నారో పక్క అంగళ్ళవాళ్ళకు ముందే తెలిసిపోయేది. ఇంగ్లీషు చదివే మనిషి ఇంట్లోనే ఉంటే ఈ పీడ వదులుతుందని నాయన ఆలోచించాడు. మా అన్న బడి పేరెత్తితే కడుపునొప్పి తెచ్చుకునే రకం. ఇక మిగిలింది నేను.

గుత్తి పోయే దారిలో ఒక మెట్ట మీద మిషన్ వాళ్ళు కట్టిన ఆడపిల్లల బడి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని దొరసాని బడి అనేవాళ్ళు. నాలాంటివాళ్ళు ఫీజు కట్టి చదువుకునేవాళ్ళు, లేనివాళ్ళ పిల్లలను మిషనే చదివించేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాయన నన్ను తీసుకుపోయి అక్కడ హాస్టల్లో దింపాడు. మా అవ్వ నెత్తీనోరూ కొట్టుకుంది. పిల్ల మతం మారిపోతుందంది, ఎవరితోనో కలిసి తింటుందంది. "తింటే తిననీలేమ్మా, టెలిగ్రాం చదివితే చాలు" అన్నాడు మా నాయన. వ్యాపారి కదా.

ఆ బడికి అన్నీ ఉండేవి, నీళ్ళు తప్ప. రాతి గోడలు, పెద్ద గంట, హార్మోనియం, గాజు తలుపుల బీరువాలో పుస్తకాలు, అన్నీ. బావి మాత్రం లోపలికి తొంగిచూస్తే కళ్ళు తిరిగేంత లోతు, అడుగున తాంబాళమంత నీళ్ళు. అందుకని ఇద్దరు పిల్లలకు ఒక బకెట్టు అని నియమం పెట్టారు. ఆ ఇద్దరినీ నీళ్ళ జత అనేవాళ్ళు. జతలు కుదిర్చేది హాస్టల్ ఆయా నల్లమ్మ. ఆమె కులం చూసేది కాదు, క్లాసు చూసేది కాదు, పొడుగు చూసేది. ఒకే పొడుగు పిల్లలకు ఒకే కొలత నీళ్ళు పడతాయని ఆమె లెక్క. కొత్త పిల్ల రాగానే బావి గట్టు మీద ఒక్కొక్కరి పక్కన నిలబెట్టి, తలమీద అరచెయ్యి ఆనించి చూసేది. మా పెళ్ళిళ్ళు కుదిర్చినప్పుడు కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

నా పొడుగుకు కృపాకుమారి సరిపోయింది. వాళ్ళ నాయన తాడిపత్రి దగ్గర రాళ్ళ గనిలో కూలి. నేను మా అవ్వ పెంచిన పిల్లను కదా, మొదటి రోజు ముఖం ముడుచుకొని, ఆ బకెట్టులో నీళ్ళు ముట్టనన్నాను. కృప నన్ను బతిమాలలేదు. "నీ ఇష్టం మే. నువ్వు పోసుకోకుంటే నాకే మేలు, నిండు బకెట్టు" అని చెంబు ముంచింది. నేను ఎండలో చెమటలు కారుస్తూ కాసేపు నిలబడ్డాను. తర్వాత "సగం ఉంచు" అన్నాను. మా అవ్వ నేర్పిన మడి అంతటితో సరి.

స్నానానికి కడప బండలు నిలబెట్టి కట్టిన దడులుండేవి, పైన కప్పు లేదు. ఒకరి తర్వాత ఒకరం పోసుకునేవాళ్ళం. ఒకరోజు నేను ముందు, మరురోజు తను ముందు. ముందు పోసుకున్నదానికి ఎప్పుడూ ఒక చిక్కు ఉండేది. సగం దాటి వాడేస్తానేమో అని భయం. గబగబా రెండు చెంబులు గుమ్మరించుకొని బయటికొస్తే చెవుల వెనక సబ్బు అలాగే ఉండిపోయేది. అది ఎండకు ఎండి, క్లాసులో దురద. ఒకరోజు నేను అట్లా గోక్కుంటుంటే కృప చూసింది. మళ్ళీ నేను ముందు పోసుకున్న రోజు, తను కూడా పోసుకున్నాక బకెట్టు అడుగున ఒక చెంబు నీళ్ళు మిగిల్చి లోపలి నుంచి కేక వేసింది.

"ఏమే పట్టూ! రా మే, నీ చెంబు ఉండాది!"

ధర్మవరం పిల్లను కాబట్టి నాకు పట్టు అని పేరు పెట్టింది. ఇంకెవరూ అట్లా పిలిచేవాళ్ళు కాదు, తను పిలవనిచ్చేది కాదు. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. వెనక పోసుకున్నది ముందు పోసుకున్నదానికి ఆఖరి చెంబు మిగిల్చాలి, కేక వేసి పిలవాలి. ఆ నీళ్ళు చెవుల వెనక పడుతుంటే ఎంత చల్లగా ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. మా కోడలికి చెబితే "ఏసీ వేయమంటారా అత్తా?" అంటుంది.

మబ్బు పట్టిందంటే ఆ బడిలో లెక్కల క్లాసు మధ్యలో కూడా గంట కొట్టేవాళ్ళు. పిల్లలందరం పుస్తకాలు వదిలి పరుగెత్తి బకెట్లు, బిందెలు, ఆఖరికి అన్నం గిన్నెలు కూడా బయట పరిచేవాళ్ళం. సగం సార్లు ఆ మబ్బు మమ్మల్ని వెక్కిరించి కర్ణాటకకు పోయేది. నిజంగా వాన పడిన రోజు ఎవరి బకెట్టు వాళ్ళది, ఎన్ని చెంబులైనా పోసుకోవచ్చు. ఆ రోజు కూడా కృపా నేనూ ఒకే బకెట్టు తీసుకున్నాం. నల్లమ్మ తిట్టింది, "మీకేం తెగులే, నీళ్ళుండంగా?" అని. మాకేం తెగులో మాకూ తెలియదు.

నయాపైసలు వచ్చిన ఏడు దసరా సెలవులకు ఇంటికి బయలుదేరాను. ఆ పొద్దున కృప ముందు, నేను తర్వాత. గేటు దగ్గర మా నాయన పంపిన మనిషి కుళ్ళాయప్ప బండి కట్టుకొని, రైలు తప్పిపోతుందని అరుస్తున్నాడు. నేను గబగబా పోసుకొని, చెంబు మిగిల్చి, "ఏమే కృపా, నీ చెంబు ఉండాది" అని కేక వేసి పరుగెత్తాను. తను వచ్చిందో లేదో చూడలేదు. సెలవులైతే మళ్ళీ వస్తాను కదా, చూసేదేముంది? నా పెట్టె కూడా హాస్టల్లోనే వదిలేశాను.

ఇంట్లో ఉండగా మద్రాసు నుంచి టెలిగ్రాం వచ్చింది. నాయన ఎదురుగా నిలబడి గడగడా చదివి అర్థం చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. వాళ్ళలో ఇంకో చీరల వ్యాపారి ఉన్నాడు. ఆయనకూ టెలిగ్రాంలు వస్తాయి, ఆయనకూ పోస్టుమాస్టరుతో పీడ ఉంది, పైగా పెళ్ళీడు కొడుకున్నాడు. కార్తీకంలో నా పెళ్ళయిపోయింది. నా చదువే నా చదువుకు గండి కొట్టింది.

అత్తగారింట్లో నేను టెలిగ్రాంలు చదివాను, పిల్లలను కన్నాను, అంగడి చూసుకున్నాను. బాగానే బతికాను, అబద్ధం చెప్పను. కానీ స్నానం చేశాక బకెట్టు అడుగున ఒక చెంబు మిగల్చడం మాత్రం నాకు పోలేదు. మా అత్త రోజూ అడిగేది, "ఎవరికే ఆ మిగులు? దయ్యాలకా?" అని. ఆమె బతికున్నన్నాళ్ళూ తిట్టింది, నేను బతికున్నన్నాళ్ళూ మిగులుస్తాను. మొదట్లో కృప కోసం మనుషుల్ని పంపి బడిలో అడిగించాను. పరీక్ష రాసి వెళ్ళిపోయిందన్నారు, ఎక్కడికో తెలియదన్నారు. పెళ్ళయిన పిల్లను, అంతకంటే ఎట్లా వెతుకుతాను? కానీ బకెట్టులో ఆ చెంబు నీళ్ళు చూసినప్పుడల్లా ఒకటే అనిపించేది. ఆ పొద్దున అది వచ్చి పోసుకుందా, లేదా?

ఈ ఏడు ఎండాకాలంలో మా మనవరాలు రేఖ ఫోను పట్టుకొని వచ్చింది. దొరసాని బడిలో చదివిన ముసలివాళ్ళ పిల్లలు, మనవళ్ళు అందరూ కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారట. రేఖ కూడా అందులో దూరింది.

"అవ్వా, దొరికింది! కృపాకుమారి. నర్సుగా చేసి రిటైరయిందంట. విడపనకల్లులో ఉండాది."

నర్సునవుతానని కృప ఎప్పుడూ అనేది. నేను గడప మీదే కూర్చుండిపోయాను. రేఖ అప్పుడే ఫోను కలిపింది. ఎత్తింది ఆమె కొడుకట, జోయల్ అని, స్కూలు బస్సు నడుపుతాడు. "అమ్మకు చెవులు సరిగా వినపడవండీ, ఫోన్లో మాట్లాడదు" అన్నాడు. నీళ్ళ జత వస్తానంటోందని చెప్పమన్నాను. కాసేపటికి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు.

"చెవిలో గట్టిగా అరిచి చెప్పినా అవ్వా. కాసేపు నా ముఖమే చూసి, రమ్మను అనింది."

రమ్మను అంది. నాకు అది చాలు.

రేఖ కారు నడిపింది. అద్దాలు వేసి ఏసీ పెడతానంది. పెట్టొద్దన్నాను, నాకు ఆ గాలి పడదు. అనంతపురం దాటి ఉరవకొండ పోయేసరికి ఇద్దరి ముఖాల మీద దుమ్ము మందంగా పట్టింది. బీళ్ళలో గాలిమరలు తిరుగుతున్నాయి. వేరుశనగ వేసుకునే చేలు దున్నిపెట్టి, వాన కోసం నోరు తెరుచుకున్నాయి. ఈ నేల ఏం మారలేదు, గాలిమరలు తప్ప. దారి పొడుగునా నేను ఒకటే అనుకుంటూ పోయాను. చూడగానే ఏమంటుంది? తిడుతుంది. చెప్పకుండా పోయినావు కదే గాడిదా అంటుంది. తిట్టనీ. ఆ తిట్ల కోసమే కదా పోతున్నది.

కాలువ దాటాక ఊరి చివర, తలుపు మీద సిలువ ఉన్న చిన్న మిద్దె ఇల్లు. వరండాలో మంచం మీద ఒక ముసలామె కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నిలబడ్డా నా భుజానికి రాలేదు.

వయసుకు మనుషులు కుంగుతారు, నేనూ కుంగాను. కానీ ఇంత కుంగరు. నల్లమ్మ అరచెయ్యి కొలత తప్పదు.

"నువ్వు కృప కాదు" అన్నాను.

"ఏమంటాండావు? గట్టిగా చెప్పు."

"నువ్వు కృప కాదూ అంటాండా!"

"కృపాకుమారినే నేను. ఆధార్ కార్డు చూపియ్యల్లా ఏమి?"

"నా కృప కాదు."

"అది నాకు ముందే తెల్సులే" అని ఆమె మళ్ళీ మంచం మీద కూర్చుంది. "నాకు నీళ్ళ జత ఒక్కతే. ఆయమ్మ చచ్చిపోయి చానా ఏండ్లాయ. చచ్చిపోయిన మనిషి ఎట్లొస్తాదో చూద్దామని రమ్మన్నా."

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. నాకెప్పుడూ అంతే. ఆ కోపం రేఖ మీదికి మళ్ళింది.

"పేరు కలిస్తే చాలా? ఏ ఏట్లో చదివింది, ఏ ఊరి పిల్ల, ఏమన్నా అడిగినావా? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మీరంతా. పద, ఇంటికి పోదాం."

రేఖ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జోయల్ నీళ్ళు నమిలాడు. మంచం మీది మనిషికి మాత్రం మొహమాటం లేదు.

"యాడికి పోతావమ్మా ఈ ఎండలో? ముఖం చూసుకో, మన్ను దేవినట్టుండాది. నీళ్ళు పోసుకో, ఇంత సంగటి తిను, చల్లబడినాక పోదువు. కాకుంటే నీళ్ళే తక్కువ. కొళాయి రేపు పొద్దునకు గానీ రాదు. నేను పోసుకున్న బకెట్టులో సగం ఉండాది, సర్దుకో."

ఆకలి వేస్తోంది, మోకాళ్ళు నిజంగానే పీకుతున్నాయి. స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. సగం బకెట్టు నీళ్ళు. చెంబు ముంచినప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. అప్పుడు మాత్రం బాగా వచ్చింది. ఇన్నేళ్ళు కృప ఎక్కడో ఉంటుంది అనుకుంటూ బతికాను. దొరకలేదు గానీ, ఉంటుంది. ఇప్పుడు ఈ వరండా దాకా వచ్చి ఆ ఉంటుందీ పోగొట్టుకున్నాను. ఇక వెతకడానికి నాకు ఓపిక లేదు, వయసూ లేదు. నీళ్ళు పోసుకొని, చీర చుట్టుకొని బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను.

ఆమె కాళ్ళు కడుక్కోవడానికి ఆ గదిలోకి పోయింది. పోయినామె ఎంతకూ రాలేదు. తర్వాత లోపలి నుంచే అడిగింది.

"ఈ చెంబు నీళ్ళు ఎవరికి మిగిలిచ్చినావు?"

మా అత్త గుర్తొచ్చింది. "అలవాటు! మిగిలిచ్చినా! పారబొయ్" అన్నాను.

ఆమె గోడ పట్టుకొని మెల్లగా బయటికి వచ్చింది. నా ఎదురుగా నిలబడి, వంగి, నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి చూసింది.

"నువ్వు పట్టువా?"

తల ఊపాను. ఆమె నా పక్కన కూలబడి రెండు చేతులూ పట్టుకుంది.

"ఓరి దేవుడా. పట్టక్కా! దసరాకు పోయి రాని పట్టక్కా!"

అప్పుడు చెప్పింది. నేను దసరాకు పోయిన నెలలోనే ఈమె ఆ బడిలో చేరిందట. నాకంటే చాలా చిన్నది. బాగా పొట్టి. నల్లమ్మ ఎంతమంది పక్కన నిలబెట్టి చూసినా ఈమె పొడుగుకు జత దొరకలేదు. పైగా అప్పటికే ఒక కృపాకుమారి ఉండటంతో ఈమెను చిన్న కృప అన్నారు, నా కృప పెద్ద కృప అయింది.

"పెద్ద కృపక్కను నాకు జత చేస్తాననింది నల్లమ్మ. అక్క ఒప్పుకోలేదు. నా జత సెలవులకు పోయింది, వస్తాది, దాని పెట్టె ఈడే ఉండాది కదా అనింది. ఒక్కతే పోసుకునేది. పోసుకొని రోజూ ఒక చెంబు మిగిలిచ్చేది. దడి కాడ నిలబడి రోజూ నిన్ను తిట్టేది. చెప్పకుండా పోయింది గాడిద, రానీ దాని పని చెప్తా అనేది."

"తిట్టిందా?" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, ఆమెకేం వినిపిస్తుంది? మళ్ళీ గట్టిగా అడిగాను. "తిట్టిందా?"

"మామూలుగా కాదక్కా. తిట్టి తిట్టి, మళ్ళా చెంబు మిగిలిచ్చేది. నాకేమో నల్లమ్మ పోసే రెండు చెంబులు చాలవు. తలకు సీకాయ రుద్దుకుంటే కండ్లు మండేవి. అక్క అట్ల పోతానే దొంగగా పోయి ఆ చెంబు నేను పోసుకునేదాన్ని. ఒకనాడు పట్టుకునింది. కొడతాదనుకున్నా. నన్ను అట్ల చూసి, ఇది పట్టు చెంబు మే, పారబోసేదానికంటే నువ్వు పోసుకో అని తనే నా నెత్తి మీద పోసింది. క్రిస్మస్ అయినాక మీ ఇంటి నుంచి ఎవరో వచ్చి నీ పెట్టె ఎత్తుకోని పోయినారు. ఆ దినం అక్క అన్నం తినలేదు. రాత్రంతా ఏడ్చింది. తెల్లారి లేచి నల్లమ్మ కాడికి పోయి, నాకు చిన్న కృపను జత చెయ్యి అనింది."

ఎండ వరండా మెట్ల మీది నుంచి వాకిట్లోకి జరిగింది. రేఖ ఎప్పుడొచ్చి నా వెనక కూర్చుందో తెలియదు.

"నేను పోయిన పొద్దున కూడా ఒక చెంబు మిగిల్చినా" అన్నాను ఆమె చెవి దగ్గర. "పోసుకునిందా అని ఇన్నాళ్ళూ తెలీదు నాకు."

"పోసుకోకుండా ఉంటాదా? అక్కనే చెప్పేది. ఆ గాడిద పోతా పోతా కూడా నా చెంబు మరువలేదు అని."

కృప కర్నూలులో నర్సు ట్రైనింగు చేసిందట, అక్కడే పనిచేసిందట, పెళ్ళి చేసుకోలేదట. చిన్న కృపను నర్సు చదువుకు రమ్మని లాక్కుపోయింది కూడా తనేనట. ఏదో జ్వరం వచ్చి పోయింది. అప్పుడు ఈమె పక్కనే ఉంది. బాధపడకుండా పోయిందని చెప్పింది. నన్ను ఓదార్చడానికి చెప్పిందేమో, నేను తరచి అడగలేదు. కృప లేదు. ఆ మాట నాకు ఇక వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

సాయంత్రం సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టారు. తిని, చల్లబడింది పోదాం అని రేఖ అంటే, రేపు పోదాం అన్నాను. చీకటి పడుతుండగా చిన్న కృప చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, ఎందుకు దాచాలి?

"నన్ను ఒకసారి ఏమే పట్టూ అని పిలువు."

ఆమె నాలుక కరుచుకుంది. "నువ్వు నాకంటే పెద్దదానివి. ఏమే అని ఎట్లంటాను? అందులోనూ ఆ మాట పెద్ద కృపక్కది. ఒకసారి నేనంటే నెత్తి మీద మొట్టింది, అది నాది, నువ్వు అనొద్దు అని. నాకు నోరు రాదక్కా."

బలవంతం చేయలేదు. కృప పోయినా తన మాట తనదే, అదీ న్యాయమే. దాని కోసం వచ్చి అది లేకుండా పోవడం నాకు రాసిపెట్టి ఉంది కాబోలు అనుకొని పడుకున్నాను.

పొద్దున నిద్ర లేచేసరికి స్నానాల గదిలో ఒక బకెట్టు నిండా నీళ్ళు పెట్టి ఉన్నాయి. చిన్న కృప తువ్వాలు భుజాన వేసుకొని నిలబడి ఉంది. "నువ్వు ముందు పోసుకో అక్కా" అంది. పోసుకున్నాను. సగానికి గీత గీసినట్టు ఆపేశాను, ఇన్నేళ్ళయినా నా చెయ్యి తప్పలేదు. బయటికొచ్చి వాకిట్లో ఎండలో కూర్చున్నాను. లోపల ఆమె చెంబు చప్పుడు వినిపిస్తోంది. అంతలో రేఖ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అవ్వా, తెల్లారుతూనే కొళాయి వచ్చింది! డ్రమ్ములన్నీ నింపినాం. సరిగా పోసుకోలేదా నువ్వు? చెవుల ఎనకాల సబ్బు అట్లే ఉండాది. ఉండు, నీళ్ళు తెస్తా."

"నువ్వు ఊరికే ఉండు" అన్నాను.

లోపల చెంబు చప్పుడు ఆగింది. చెవిటి మనిషి గొంతు కదా, తర్వాత వీధంతా వినిపించేటట్టు వచ్చింది.

"ఏమే పట్టూ! రా మే, నీ చెంబు ఉండాది!"

లేచి పోయాను. చెవుల వెనక సబ్బు కావాలనే ఉంచుకున్నాను.